మా యింటి పాత డేరా

డేరా యనగానే మీలో ననేకులకు సర్కసువారో, పటాలములవారో, కొండలెక్కు పడుచువారో జ్ఞప్తికి వచ్చెదరు. ఇంటి యాడువారికి డేరాతో నేమి పని యని మీరడుగవచ్చును. మాది కామారెడ్డి జిల్లాలోని రామారెడ్డి. కార్తీక బహులాష్టమికి మా యూర కాలభైరవస్వామి యుత్సవము జరుగును. ఆ దినములలో పొరుగూళ్లనుండి వచ్చిన కుటుంబములు గుడి పరిసరములలో, చెట్లక్రింద, అరుగులపై దిగుట మేము ఏటేట చూచుచునే యున్నాము. నాలుగు కఱ్ఱలు, ఒక దుప్పటి, మూడు రాళ్లు, ఒక సత్తుగిన్నె యుండినచో అచ్చట ఒక సంసారము నిలుచును. దానిని నిలుపునది ఆ యింటి యిల్లాలే. కాబట్టి డేరా ముచ్చట మన ముచ్చటయే.

మేము ఒక పాత డేరాను కొంటిమి; రెండేండ్లు వాడితిమి; తిరిగి అమ్మితిమి. కొనుటలో మోసపోతిమి. అమ్ముటలో ఇంకొకరిని మోసపుచ్చుటకు వెండ్రుకవాసి దూరమున నిలిచితిమి. సిగ్గు విడిచి ఆ సంగతి మీకు చెప్పెదము. దానితోబాటు మేము నేర్చుకొన్న నాలుగు మెలకువలను గూడ చెప్పెదము.

మా యత్తగారి పుట్టినిల్లు పరకాల వైపు. సమ్మక్క సారలమ్మలు వారి యిలువేల్పులు. ఆమె చిన్నతనమున మేడారము జాతరకు ఎడ్లబండ్లపై పోయెడివారట. డేరా కొనుట యనునది ఆ రోజులలో లేదు. బండియే యిల్లు, గొంగడియే కప్పు. కురుమలు దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో గొంగడి నేసి, పిదప దానికి చింతగింజల గంజి పట్టింతురు. అందుచే అది బిఱుసెక్కి, చినుకులు పడినంతనే లోనికి దిగనీయదు. పగలు ఎండకు గొడుగు, వానకు కొప్పెర, రాత్రికి పఱుపు, చలికి దుప్పటి. ఒక్క వస్తువు నాలుగు పనులు చేసెడిది. లేనిది పొరుగింట నడిగి తెచ్చుకొనెడివారు. జాతర ముగిసినపిదప కడిగి, ఎండబెట్టి, దానితో ఒక బెల్లపుముక్కను ప్రసాదముగా చేర్చి తిరిగి యిచ్చెడివారు.

2022వ సంవత్సరము ఫిబ్రవరి 16 మొదలు 19 వఱకు మేడారము జాతర జరిగినది. అత్తగారి మ్రొక్కు తీర్పవలసి యుండెను. నాలుగిండ్లవారము కలిసి ఒక డీసీఎం బండి మాటాడుకొంటిమి. మాకప్పుడు తొమ్మిదేండ్ల కూతురు, నాలుగేండ్ల కొడుకు. చిన్నపిల్లలతో ఆరుబయట మాఘమాసపు చలిలో పండుకొనుట యెట్లని మాకు దిగులు పట్టినది. కొత్త డేరా వెల విచారించితిమి. నలుగురు పట్టునది 6,500 రూపాయలనిరి. రెండేండ్లకొకసారి నాలుగు రాత్రులకై అంత సొమ్ము పెట్టుటకు మా సంసారము చాలదు. అంతలో హైదరాబాదులో నొక గృహస్థు వాడిన డేరాను 2,200 రూపాయలకు అమ్ముచున్నాడని బంధువులు ఫోనుచేసి చెప్పిరి.

మేమును మా వారును పోయి చూచితిమి. అది మేడమీది చిన్న యిల్లు. అప్పటికే దీపములు పెట్టిన వేళ. సంచి విప్పి చూపిరి. బట్ట నిగనిగలాడుచున్నది; చినుగులు లేవు. "నిలబెట్టి చూతమా?" యని మా వారు మెల్లగా నడిగిరి. "ఇక్కడ జాగ చాలదు గదా" యని ఇంటివారనిరి. టీ యిచ్చి మర్యాదచేసినవారిని గట్టిగా అడుగుటకు మొగమాటపడితిమి. బత్తాయిలు కొనునపుడు పదింటిని పిండి చూచెడి మేము, పిల్లలను పండుకొనబెట్టవలసిన డేరాను సంచిలోనే చూచి సొమ్ము చెల్లించి వచ్చితిమి.

మేడారము వరంగల్లునకు సుమారు నూఱు కిలోమీటర్ల దవ్వున, ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో నున్నది. మ్రొక్కు బెల్లమును, అనగా బంగారమును, బెల్లపు వ్యాపారమునకు పేరుగన్న మా కామారెడ్డినుండియే తీసికొనిపోతిమి. బుధవారము కన్నెపల్లినుండి సారలమ్మ గద్దెకు వచ్చు దినము. జంపన్నవాగులో స్నానములు చేసి, వండి తిని, పొద్దుపోయినపిదప డేరాలో నొదిగితిమి. పున్నమి వెన్నెల. ఎటు చూచినను జనమే. పిల్లలు తమ కొక యిల్లు దొరకినదని మురిసిరి.

నడిరాత్రి ఫెళ్లుమని చప్పుడయ్యెను. డేరా కప్పు మా మొగములపై పడినది. ఆ బట్ట లోతట్టు నీటితో తడిసియున్నది. నిద్రలో నున్న పిల్లవాని నోటికిని ముక్కునకును ఆ తడిబట్ట అంటుకొనినది. వాడు కెవ్వున కేకవేసెను. చీకటిలో త్రోవ దొరకక బట్టను పైకెత్తబోవగా మా యఱచేతిలో సూదులవంటి ముండ్లు దిగినవి. అవి విరిగిన కడ్డీలోని గాజునారలు. లాంతరు వెలుగున చూచితిమి గదా, కడ్డీ పగిలినచోట నల్లని పట్టీ చుట్టియున్నది. పగులు పాతది. ఎవరో దానిని కప్పిపెట్టిరి.

అత్తగారు ఒక్కమాటయు ననలేదు. బండిలో వడ్లకుప్పలపై కప్పెడి తాటిపత్రి యుండెను. దాని నొక కొసను బండికిని, ఇంకొక కొసను నేలలో పాతిన కఱ్ఱలకును కట్టించి, క్రింద గొంగడి పఱచి, పిల్లలను తన యిరుప్రక్కల పండుకొనబెట్టుకొనెను. వారు తెల్లవాఱువఱకు నిద్రపోయిరి. మాకు మాత్రము నిద్రలేదు. ఆ గృహస్థును తలచుకొని మేమనుకొన్న మాటలిచ్చట వ్రాయదగినవి కావు.

ఇంటికి వచ్చినపిదప కోపము పనికి రాదని సూదిదారము చేతబట్టితిమి. ఇంగ్లండు దేశమున 1901లో, సైకిళ్లపై పోయి డేరాలలో దిగువారి సంఘమును స్థాపించిన థామస్ హైరం హోల్డింగు వృత్తిచే దర్జీ. ఆయన 1908లో ఈ విద్యపై నొక పుస్తకమును గూడ వ్రాసెను. దర్జీకి వచ్చిన విద్య మనకు రాకపోవునా? కడ్డీ గ్రుచ్చిన చినుగును మేమే కుట్టి, కుట్టుపై అతుకువేసితిమి. మా వారు విరిగిన ముక్కను వెంటదీసికొని హైదరాబాదులో పురానాపూలు దగ్గఱ గురువారమునాడు జరుగు జుమ్మెరాత్ బజారునకు పోయి, పాత సామానులలో వెదకి, అంత లావైన కడ్డీని 150 రూపాయలకు తెచ్చిరి. లోపలి తడిసంగతి కూడ తరువాత బోధపడినది. అది మంచు దిగుట కాదు. నలుగురి యూపిరిలోని యావిరి చల్లని బట్టకు తగిలి నీరైనది. కంతలన్నిటిని మూసికొని పండుకొన్నది మేమే. అది డేరా తప్పు కాదు, మా తప్పు.

బాగుచేసిన డేరా మాకు చక్కగా నుపయోగించినది. 1931లో కట్టుట ముగిసిన నిజాంసాగరు ఆనకట్టవద్ద కార్తీక వనభోజనమునకు వేసితిమి. 2024లో ఫిబ్రవరి 21 మొదలు 24 వఱకు జరిగిన మేడారము జాతరకును దానినే కొనిపోతిమి. ఈ మాఱు కిటికీ తెఱచియుంచి పండుకొంటిమి. అంతా సుఖముగా జరిగినది.

తిరిగివచ్చి డేరాను వాకిట నారవేయుచుండగా రెండవ కడ్డీ కొసయందు వెండ్రుకవంటి పగులు కనబడినది. పిల్లలు పెరిగిరి, ఇది యిఱుకైనది, అమ్మివేయుదమని అప్పటికే తలచియుంటిమి. ఇంటిలో కరెంటు తీగలకు చుట్టెడి నల్లపట్టీ యుండెను. దానిని తెచ్చి పగులుచుట్టు చుట్టితిమి. అట్లు చుట్టునపుడు మా మనస్సునకు ఏమియు తోచలేదు. ఇదియే సోదరీమణులకు ముఖ్యముగా చెప్పదలచిన మాట. తప్పు చేయునపుడు అది తప్పువలె కనబడదు. ఇంటిపని వలెనే కనబడును.

1,500 రూపాయలకు డేరా యున్నదని వాట్సాపులో తెలిపితిమి. రెండు దినములకు ఎల్లారెడ్డి వైపునుండి ఒక పడుచుజంట వచ్చిరి. ఆమె చంకలో ఎనిమిది నెలల పసిబిడ్డ. మార్చి 8వ తేదీన శివరాత్రి. మంజీర యేడు పాయలుగా చీలు ఏడుపాయలవద్ద వనదుర్గ జాతరలో రెండు రాత్రులు నిలువవలెననిరి. మేము మా యనుభవమును పురస్కరించుకొని డేరాను వాకిట నిలబెట్టియే చూపితిమి. అది ఠీవిగా నిలిచినది. ఆ పిల్ల లోనికి పోయి, బిడ్డను పండబెట్టి చూచి, తల బయటికిపెట్టి, "అక్కా, చలికి పిల్లకు మంచిగుంటదా?" యని యడిగెను.

"మంచిగుంటది చెల్లె" అంటిమి.

అరుగుపై అనుములు ఒలుచుచున్న అత్తగారు తల యెత్తకయే, "బిడ్డా, ఆ నల్లపట్టీ ముచ్చట చెప్పినవా?" అనిరి.

మాకు నోట మాట రాలేదు. మేడారములో లాంతరు వెలుగున చూచిన పట్టీయు, మా చేతితో చుట్టిన పట్టీయు ఒక్కటే. ఎవనిని రెండేండ్లు తిట్టుకొంటిమో, వాడు చేసిన పనిని అక్షరము తప్పక మేమును చేసితిమి. పైగా మాకు తెలిసి చేసితిమి. ఆ రాత్రి మా పిల్లవాడు వేసిన కేక మా చెవులలో నుండగానే చేసితిమి.

పట్టీ విప్పి పగులు చూపితిమి. మేడారములో జరిగినదంతయు చెప్పితిమి. ఆ యబ్బాయి మొగము చిన్నదయ్యెను. పోదము రమ్మని భార్యకు సైగచేసెను. ఆమె మాత్రము కదలక, "ఇది విఱిగితే ఏం చేయాలె, అక్కా?" యని యడిగెను. అడుగవలసిన ప్రశ్న అదియే. మా వారు కామారెడ్డికి పోయి, కడ్డీపై సరిగా దూరెడి జానెడు అల్యూమినియము గొట్టమును కోయించి తెచ్చిరి. కడ్డీ పగిలినచోట గొట్టమును తొడిగి, రెండు కొసలను పట్టీతో బిగించు విధమును చేసి చూపిరి. వెల 1,000 రూపాయలకు తగ్గించితిమి. మేకులను ఆమె యెదుటనే లెక్కపెట్టి యిచ్చితిమి. అత్తగారు పసిబిడ్డకై ఒక పాత గొంగడిముక్కను చేర్చిరి. దానికి వెల లేదనిరి.

శివరాత్రి గడచిన మూడవనాడు ఆ పిల్ల ఫోను చేసినది. రెండవ రాత్రి గాలికి ఆ కడ్డీ పగిలినదట. గొట్టము తొడిగి పది నిమిషములలో సరిచేసికొనిరట. "పిల్ల లేవనన్న లేవలే, అక్కా" యనెను. ఆ మాట విని మేము వంటయింటిలోనికి పోయి కొంతసేపు ఊరక కూర్చుంటిమి. తగ్గించిన 500 రూపాయలకు మేమెన్నడును ఇంత విలువైన వస్తువును కొనలేదు.

ఇక మెలకువలు. పాత డేరాను కొనువారు పగటివేళనే పోవలెను, నిలబెట్టింపకుండ సొమ్మీయరాదు. చోటు చాలదన్నచో వీధిలోనో మిద్దెపైనో నిలబెట్టించుడు. కడ్డీలను చేతితో తడుమరాదు. పాత నూలుగుడ్డతో తుడిచి చూడుడు. పగులున్నచోట గుడ్డ నారలకు తగులుకొనును. లోనికి పోయి తలుపు మూసి సూర్యునివైపు చూచినచో సన్నని రంధ్రములన్నియు చుక్కలవలె కనబడును. లోపలి పూత జిగటగా నున్నను, పొట్టువలె రాలుచున్నను, పులిసిన వాసన వచ్చుచున్నను ఎంత చౌకయైనను వలదు. ఆ జబ్బునకు మందు లేదు. జిప్పును మూడుమాఱులు తెఱచి మూయుడు. బిగిసినచో కొవ్వొత్తి రుద్దిన సరిపోవును. పండ్లు విడిచినచో దర్జీ కూలిని వెలలో తగ్గింపుడు.

కొత్త డేరాలపై 1,000, 2,000, 3,000 మిల్లీమీటర్లని వ్రాసియుందురు. అంత యెత్తు నీరు బట్టపై నిలిచినను లోనికి దిగదని దాని యర్థము. ఆ లెక్క కొత్తబట్టకే చెల్లును. పాతదానికి మన యింటి పరీక్ష చాలును: బట్టను గంగాళముపై పల్లముగా పఱచి, చెంబెడు నీరు పోసి, పావుగంటకు అడుగు తట్టు చూడవలెను.

తాటిపత్రిని చదరపు మీటరునకు ఇన్ని గ్రాములని లెక్కకట్టి అమ్ముదురు. గ్రాములు పెరిగిన కొలది బట్ట దట్టముగా నుండును, మోతయు బరువగును. డేరాక్రింద పఱచుటకు పాతదియే చాలును. పైన కట్టుటకు మాత్రము అంచుల కంతలు ఊడనిదై యుండవలెను.

ఏవి పాతవి కొనవచ్చును, ఏవి కూడదు? డేరా, జంపఖానా, గొంగడి, సత్తుగిన్నెలు, మడతకుర్చీలు పాతవి కొనవచ్చును. పొయ్యి గ్యాసు గొట్టమును, రెగ్యులేటరును, మోకులను మాత్రము కొత్తవే తీసికొనవలెను. వానియందలి లోపము కంటికి కనబడదు. కనబడునాటికి ప్రాణములమీదికి వచ్చును. ఇంకొక మాట కొంగున ముడివేసికొనుడు. ఎంత చలియైనను మూసిన డేరాలో కుంపటి గాని, పొయ్యి గాని వెలిగింపరాదు. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

వాడినపిదప డేరాను తడితో మడిచి అటకపై నెక్కింపకుడు. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, వదులుగా పాత చీరసంచిలో నుంచుడు. పాత చీరలన్నిటిని గిన్నెలవానికి వేయక, ఇందుకై ఒకటి మిగుల్చుకొనుడు. ఎండ యెక్కువయైనను ఆ బట్ట పెళుసుబాఱును.

అమ్మువారికి మేము చెప్పవలసినది ఒక్కటే. లోపమును మొదటనే చెప్పుడు. దానిని సరిచేయు విధమును గూడ చెప్పుడు. చీరలోని లోపము పగటివేళ బయటపడును, కట్టుకొన్నామె మార్చుకొనును. డేరాలోని లోపము మాత్రము అడవిలో, అర్ధరాత్రి, బిడ్డల తల్లికి తెలియును. ఆ వేళ ఆమెకు మనము చెప్పిన మాట తప్ప వేఱు దిక్కుండదు.

ఇప్పుడు మేము నాలుగిండ్లవారము చందా వేసికొని ఒక పెద్ద డేరాను ఉమ్మడిగా కొంటిమి. ఏ యింట నున్నదో, ఎవరు కడిగిరో, ఎచ్చట చినిగినదో ఒక నోటుపుస్తకమున వ్రాసి దాని సంచిలోనే యుంచుచున్నాము. మొదటి పుటలో మా యత్తగారు మనుమరాలిచేత నొక వాక్యము వ్రాయించిరి: "పట్టీ చుట్టినచో ఇందులో వ్రాయవలెను."